పట్టూ విడుపూ

ప్లాస్టిక్ ఇటుకలతో చిన్న రోబో బొమ్మలు కట్టేవాళ్లని, అందులో అన్నిటికన్నా కష్టమైన భాగం ఏదని అడిగి చూడండి. చాలామంది మోకాలు అంటారు. ముఖానిదేముంది, రెండు గుండ్రటి ముక్కలు పక్కపక్కన పెడితే కళ్లు వచ్చేస్తాయి. మిగతా ముఖాన్ని చూసేవాళ్ల మనసే పూరించుకుంటుంది. మోకాలికి అలాంటి సాయం ఎవరూ చెయ్యరు. అది వంచితే వంగాలి, వంచినచోట ఆగాలి. వంగకపోతే బొమ్మ బిర్రబిగుసుకుపోయి ఉంటుంది. ఆగకపోతే బల్ల మీద పెట్టీపెట్టగానే చతికిలబడుతుంది. బిగువు పెంచితే కదలిక పోతుంది, కదలిక పెంచితే నిలకడ పోతుంది. గోరంత ముక్కలో ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే ఈ విద్యలో అసలు పని.

నాకు ఈ విద్య అంటే ప్రాణం. రాత్రి భోజనాలయ్యాక, ఇల్లు సద్దుమణిగాక, ముక్కలు దొర్లిపోకుండా బల్ల మీద పాత దుప్పటి పరిచి డబ్బా బోర్లిస్తాను. నేను కట్టేవి పెద్ద పెద్ద కోటలూ ఓడలూ కావు, అరచేతిలో నిలబడే రోబోలు. వాటిలో మోటారు ఉండదు, బ్యాటరీ ఉండదు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క పెట్టాలో చెప్పే పుస్తకమూ ఉండదు. ఇలా సొంత ఊహతో కట్టిన వాటిని ఈ పిచ్చి ఉన్నవాళ్లు ‘మాక్’ అంటారు. ఎన్నో ఏళ్లుగా వీటితో కూచున్నాక నాకు ఒక నమ్మకం కుదిరింది. గట్టిగా పట్టుకోవడం, అడిగినప్పుడు వదిలిపెట్టడం, ఈ రెండు గుణాలూ ఒకేచోట ఉన్నప్పుడే కొత్తది పుడుతుంది. ఒక్క పట్టే ఉంటే మొదట చేసిందే చివరిదాకా మిగులుతుంది. ఒక్క విడుపే ఉంటే ఏదీ నిలవదు. ఈ మాట బొమ్మలకి ఎంత వర్తిస్తుందో వాటిని చేసే మనిషికీ అంతే వర్తిస్తుందని నా ఉద్దేశం.

ఈ పట్టు కథ డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో అక్కడ చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లెగో కంపెనీ పుట్టుక అదే. 1949 నాటికి ఆ కంపెనీ ప్లాస్టిక్ ఇటుకలు కూడా పోతపోసింది. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అప్పటికే అలాంటి ఇటుకలు చేసి అమ్ముతున్నాడు, డెన్మార్క్ వాళ్లకి దారి చూపింది అవే. ఆ తొలినాటి ఇటుకలకి పైన బొడిపెలు ఉండేవి, లోపలంతా డొల్ల. ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చునేవి గానీ గట్టిగా పట్టుకునేవి కావు. పిల్లలు ఇల్లు కట్టి, మురిపెంగా చేతుల్లోకి ఎత్తుకోబోతే విడిపోయేది.

ఓలె కొడుకు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న కొత్త ఇటుకకి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మార్పు చిన్నదే. డొల్లలో గొట్టాలు చేరాయి. ఎనిమిది బొడిపెల ఇటుకని తిరగేసి చూడండి, లోపల మూడు గుండ్రటి గొట్టాలు వరసగా కనిపిస్తాయి. దాన్ని ఇంకో ఇటుక మీద నొక్కినప్పుడు మూలన ఉన్న బొడిపె రెండు గోడలకీ ఒక గొట్టానికీ మధ్య ఇరుక్కుంటుంది. నడిమి బొడిపె ఒక గోడకీ రెండు గొట్టాలకీ మధ్య ఇరుక్కుంటుంది. ఎలా చూసినా ప్రతి బొడిపెకీ మూడు చోట్ల ఒత్తిడే. ఆ మూడు ఒత్తిళ్ల మధ్య అది అటూ ఇటూ జరగలేదు. జిగురు లేదు, మేకు లేదు, మర లేదు. అయినా పిల్లలు ఎత్తుకుని ఇల్లంతా పరుగెత్తినా కట్టింది కట్టినట్టే ఉంటుంది.

ఆ ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది? ప్లాస్టిక్ గుణంలోంచి. మొదట్లో వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ కొన్నాళ్లకి వంకర పోయేది. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడడం మొదలుపెట్టారు. ఇటుకని నొక్కినప్పుడు దాని గోడ కంటికి ఆననంత బయటికి వంగుతుంది. వంగింది మళ్లీ తన చోటికి రావాలని చూస్తుంది. రావాలని చూసే ఆ తపనే బొడిపెని బిగించి పడుతుంది. లాగినప్పుడు అదే గోడ మళ్లీ అంతే వంగి దారి ఇస్తుంది. పట్టుకునేదీ వదిలేదీ ఒకే గోడ, ఒకే వంపు. దీనికి అచ్చు కొలతలు మిల్లీమీటరులో వందో వంతు కూడా తప్పకూడదు. అంత జాగ్రత్త ఉండబట్టే 1958లో పోసిన ఇటుక మీద నిన్న పోసిన ఇటుక ఇప్పటికీ కూచుంటుంది. బజార్లో చవగ్గా దొరికే రకాలు కొన్ని కొని చూస్తే ఈ జాగ్రత్త విలువ చేతికే తెలుస్తుంది. ఒకటి వదులుగా ఊగుతుంది, ఇంకోటి పళ్లతో లాగినా రాదు. రెండింటితోనూ ఇల్లు కట్టవచ్చు, రోబో మాత్రం కట్టలేం.

కదిలే బొమ్మకి పట్టు పెద్ద పరీక్ష. గోడకి ఒకే పట్టు చాలు. రోబోలో భుజానికి కావలసిన పట్టు వేరు, మణికట్టుకి వేరు, తుంటికి వేరు. అందుకే ఈ ముక్కల్లో కీళ్లే ఎన్నో రకాలున్నాయి. క్లిప్పు కడ్డీని పట్టుకునే కీలు తేలిగ్గా తిరుగుతుంది, చేతివేళ్లకి బాగుంటుంది. బంతి గిన్నెలో తిరిగే కీలు అన్ని దిక్కులకీ వంగుతుంది, భుజానికి అది కావాలి. పళ్లున్న కీలు టిక్కు టిక్కుమంటూ 22.5 డిగ్రీలకి ఒకసారి ఆగుతుంది, బరువు మోసే తుంటికి దానిమీదే నా భరోసా. ఇక టెక్నిక్ రకం పిన్నుల్లో ఒక తమాషా ఉంది. నల్లటి పిన్ను ఒంటి మీద సన్నటి గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, అవి రంధ్రం గోడలకి రాసుకుని బిగువుగా తిరుగుతుంది. బూడిద రంగు పిన్నుకి ఆ గీతలు లేవు, చక్రంలో పెడితే గిర్రున తిరుగుతుంది. చూడటానికి రెండూ అన్నదమ్ములే. మోకాల్లో బూడిద రంగుది పెడితే రోబో మోకరిల్లుతుంది, నల్లది పెడితే నిలబడుతుంది.

మా మేనకోడలు సెలవులకి వచ్చినప్పుడల్లా ఈ బల్ల దగ్గరే కాపురం. ఒకసారి తను కట్టిన రోబో రెండు చేతులూ ముందుకి చాచి నిలబెట్టాలని చూసింది. నిలబెట్టిన ప్రతిసారీ అది బోర్లా పడుతోంది.

“మామయ్యా, కాళ్లు గట్టిగానే ఉన్నాయి కదా, ఎందుకు పడుతోంది?”

“నువ్వు రెండు చేతులతో నీళ్ల బకెట్టు ముందుకి పట్టుకుని నిలబడు. ఒళ్లు ఎటు పోతుందో చెప్పు.”

పెరట్లోకి పోయి బకెట్టు పట్టుకుని చూసింది. వెనక్కి వాలిన తన నడుమే తనకి జవాబు చెప్పింది. తిరిగొచ్చి రోబో వీపుకి పెద్ద ఇటుక ఒకటి మూటలా తగిలించింది. అది నిలబడింది. తర్వాత ఆ మూటకి రెండు గొట్టాలు చేర్చి ఎగిరే యంత్రం చేసింది. బొమ్మ బరువుని అరికాళ్ల మీదికి తేవడానికి పెట్టిన ముక్క, రోబోకి ఒక కథ కూడా తెచ్చిపెట్టింది. ఈ పనిలో అందం చాలాసార్లు ఇలాగే వస్తుంది, అవసరం ముందు నడుస్తుంది.

నిజం రోబోలు చేసినవాళ్లు కూడా ఈ అరికాలి దగ్గరే ఏళ్ల తరబడి కూచున్నారు. టోక్యోలోని వాసెదా విశ్వవిద్యాలయంలో ఇచిరో కాతో బృందం 1973లో వాబోట్-1 అనే నిలువెత్తు మనిషి రోబోని నడిపించింది. ఒంటి బరువు ఎప్పుడూ అరికాలి హద్దు దాటకుండా చూసుకుంటూ అది చాలా నింపాదిగా అడుగు తీసి అడుగు వేసేది. బరువుని హద్దు దాటనిచ్చి, పడబోతున్న ఒంటిని తర్వాతి అడుగుతో అందుకోవడం యంత్రానికి నేర్పడానికి మరిన్ని ఏళ్లు పట్టింది. హోండా వాళ్ల అసిమో 2000లో జనం ముందుకొచ్చి సాఫీగా నడిచినప్పుడు ప్రపంచం నోరు తెరుచుకుని చూసిందంటే ఆ ఏళ్ల శ్రమే కారణం. మన ఇటుకల రోబో నడవదు. అయినా ఒంటికాలి మీద నిలబెట్టాలని చూసినప్పుడు దానికీ వాబోట్‌కీ ఒకే న్యాయం. పాదం ముందుకి ఒక బొడిపె, వెనక్కి ఒక బొడిపె పొడిగించి చూడండి, పడిపోతున్న బొమ్మ కుదురుకుంటుంది. భౌతికశాస్త్రం పాఠం వేళ్లకి ముందు అర్థమై, తర్వాత తలకి ఎక్కుతుంది.

బాగా చెయ్యి తిరిగినవాళ్లకి కూడా ఈ చిక్కు తప్పలేదు. వాల్-ఈ సినిమాకి పనిచేసిన పిక్సార్ యానిమేటర్ ఆంగస్ మెక్లేన్ ఆ సినిమాలోని రోబోని ఇటుకలతో కట్టాడు, దాన్ని లెగో వాళ్లు 2015లో సెట్టుగా తెచ్చారు. ఆ రోబో తల అంటే రెండు పెద్ద కళ్లు, అవి కూచునేది సన్నటి మెడ మీద. మొదట వచ్చిన వాటిలో మెడ కీలుకి ఆ తల బరువు ఆగలేదు, తల వాలిపోయేది. తర్వాత మెడ నిర్మాణం మార్చి విడుదల చేశారు. ఆ సెట్టంటే నాకు గౌరవం పెరగడానికి ఈ సంగతే కారణం. రూపం తెలిసిన మనిషి, ఆ పాత్రని కదిలించిన మనిషి కట్టినా, చివరి మాట కీలుదే అయింది. మంచి పనివాళ్లు దాన్ని విని మార్చారు.

రోబో తల కింద, కాళ్ల పైన ఉండే ఛాతీ ఇంకో రకం విద్య. మామూలు ఇటుకలన్నీ పైకి చూసే బొడిపెలతో పుడతాయి. వాటిని పేర్చుకుంటూ పోతే గోడ వస్తుంది, మెట్లు వస్తాయి. ఛాతీకి నాలుగు వైపులా నునుపు కావాలి, ముందువైపు జాలీ కావాలి, పక్కలకి భుజాలు తగిలించాలి. అందుకని బొడిపెల దిక్కు తిప్పాలి. నాలుగు పక్కలా బొడిపెలున్న చిన్న ఇటుకలు ఇందుకోసమే ఉన్నాయి. నడుము ప్లేటు మీద అలాంటివి రెండు కాస్త ఎడంగా పెడతాను. ముందువైపు బొడిపెలకి సన్న గీతల జాలీ టైలు, వీపువైపు చిన్న పెట్టె, కుడి ఎడమల భుజాల గిన్నెలు. ఇప్పుడు బయటికి ఒక్క బొడిపె కూడా కనిపించదు, లోపల మాత్రం అన్ని దిక్కులకీ పట్టు ఉంటుంది.

ఇలా అడ్డం తిప్పి కట్టినప్పుడు కొలతలు కలుస్తాయా అన్నది ఎవరికైనా వచ్చే సందేహం. అవి కలిసే తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. బొడిపె నడుమ నుంచి పక్క బొడిపె నడుమకి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6. పలుచటి ప్లేటు మందం 3.2. మూడు ప్లేట్లు పేర్చితే ఒక ఇటుక ఎత్తు. ఐదు ప్లేట్లు పేర్చితే 16 మిల్లీమీటర్లు, అది రెండు బొడిపెల వెడల్పు. అంటే ఐదు ప్లేట్ల దొంతరని పక్కకి పడుకోబెట్టి రెండు బొడిపెల వెడల్పున్న సందులో పెడితే అతికినట్టు కూచుంటుంది. ఈ 3.2 ఇంకోచోట కూడా తగులుతుంది. బొమ్మలు పట్టుకునే కడ్డీ లావు కూడా దాదాపు అంతే. 1978లో వచ్చిన మినీఫిగర్ పసుపు పిడికిలి ఆ కడ్డీని పట్టుకుంటుంది, క్లిప్పులూ దాన్నే పట్టుకుంటాయి, నడుమ బోలుగా ఉన్న బొడిపెలోకీ అదే దిగుతుంది. అందువల్ల రోబో తల మీద యాంటెన్నాగా నిలబడిన కడ్డీ రేపు దాని ముంజేయి అవుతుంది, ఎల్లుండి ఇంకో బొమ్మ చేతిలో ఈటె అవుతుంది. ఎవరో ఒక కొలత దగ్గర పట్టుగా నిలబడ్డారు కాబట్టి, కట్టేవాళ్లకి ఇంత వెసులుబాటు మిగిలింది.

ఎంత వెసులుబాటో లెక్క కూడా కట్టారు. ఒకే రంగున్న ఎనిమిది బొడిపెల ఇటుకలు రెండింటిని 24 రకాలుగా కలపవచ్చు. మూడైతే 1,060. ఆరింటిని ఎన్ని రకాలుగా కలపవచ్చో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం గణితశాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటరు సాయంతో తేల్చిన సంఖ్య 91,51,03,765. పిల్లవాడి గుప్పిట్లో పట్టే ఆరు ముక్కలకి తొంభై ఒక్క కోట్ల పైచిలుకు రూపాలు! అందులో చాలావాటిని ఇప్పటిదాకా ఏ చెయ్యీ కట్టి ఉండదు. ముక్క చాలా తక్కువగా మారుతుంది, కలయిక చాలా ఎక్కువగా మారుతుంది.

అసలు రోబోనే ఎందుకు కట్టాలి? మనిషినో జింకనో కట్టకూడదా? కట్టవచ్చు. కానీ మనిషి బొమ్మలో కీలు కనిపిస్తే కన్ను ఒప్పుకోదు, దాచాలి. చర్మం నునుపు రావాలి, భుజం వంపు రావాలి. ఇటుక చేత ఆ పని చేయించడమంటే దాని స్వభావానికి ఎదురీదడం. రోబోకి కీలు దాచుకోవలసిన పని లేదు. దాని మోకాలు మోకాలిలాగే కనిపించవచ్చు, మెడ కడ్డీ కడ్డీలాగే ఉండవచ్చు. ఎలా తయారైందో బయటికే చెప్పుకునే ఒళ్లు అది. అందుకే ఈ ముక్కలకీ రోబోకీ ఇంత స్నేహం కుదిరింది.

దీనివల్ల ఇంకో మేలు ఉంది. రోబో ఒంటి మీద ఏ ముక్కైనా ఏ పనైనా చెయ్యవచ్చు. ఇంటి సెట్టులో కుళాయిగా వచ్చిన ముక్క రోబో చేతి చివర కొక్కెం అవుతుంది. మినీఫిగర్ కాళ్లకి తొడిగే చక్రాల బూట్లు రోబోకి పాదాలవుతాయి. బైనాక్యులర్సుని తలకి అడ్డంగా పెడితే కళ్లు, వీపున నిలువుగా పెడితే పొగ గొట్టాలు. మొదట్లో ముక్కని చూస్తే పేరే కనిపిస్తుంది. కుళాయి కుళాయే. చాలాకాలం చేతిలో తిప్పగా తిప్పగా పేరు చెరిగిపోయి ఆకారం మిగులుతుంది. ఒక వంపు, ఒక బొడిపె, ఒక రంధ్రం. అప్పుడిక అది దేనికైనా సిద్ధం. బ్రిటన్‌కి చెందిన పీటర్ రీడ్ తన సొంత ఊహతో కట్టిన ఎక్సో సూట్ అనే రోబో కవచాన్ని లెగో వాళ్లు 2014లో సెట్టుగా విడుదల చేశారు. దాన్ని నిదానంగా చూసినప్పుడల్లా నేను నేర్చుకునేది ఇదే. వేరే పనులకోసం పుట్టిన చిన్నచిన్న ముక్కలు అక్కడ కండలుగా, గొట్టాలుగా, వేళ్లుగా ఒదిగిపోయి ఉంటాయి.

మనం రోజూ మనుషుల్నీ వస్తువుల్నీ పేర్లతోనే చూస్తాం. గుమాస్తా, వంటమనిషి, ఇంజనీరు, పాత కుర్చీ, పనికిరాని తీగ. పేరు చెప్పే పని మాత్రమే వాళ్లకి వచ్చనుకుంటాం. ఈ ముక్కలతో కూచోవడం నాకు మరో చూపు ఇచ్చింది. ఏదైనా ఎదురుపడితే ఇది ఏమిటని అడిగి ఊరుకోను, ఇది దేన్ని పట్టుకోగలదు, దేనికి ఆనుకోగలదు అని కూడా అడుగుతాను. ఆ రెండో ప్రశ్నకి వచ్చే జవాబులు నన్ను ఎప్పుడూ ఉత్త చేతులతో పంపలేదు.

వెసులుబాటు ఉంది కదా అని ఏదైనా చెల్లుతుందా అంటే, చెల్లదు. రెండు బొడిపెల నడుమ సందు లెక్కకి 3.2 మిల్లీమీటర్లే కాబట్టి, ప్లేటుని నిలువుగా ఆ సందులో గుచ్చితే దిగుతుంది. చూడటానికి బాగుంటుంది కూడా. కానీ అక్కడ ప్లాస్టిక్ మీద ఒత్తిడి ఆగకుండా పడుతూనే ఉంటుంది. కంపెనీలో పనిచేసే డిజైనర్లు అలా ముక్కని బాధపెట్టే కలయికలని సెట్టులో రానివ్వరు, ఇటుకల భాషలో వాటిని ‘ఇల్లీగల్’ అంటారు. నా బల్ల మీద ఏ తనిఖీ లేదు. అయినా ఆ నియమాన్ని నేను పాటిస్తాను. బలవంతంగా దూర్చిన ముక్క ఎంత గట్టిగా ఉన్నా దాన్ని పట్టు అనలేను. నలిగిన గోడ మళ్లీ తన చోటికి రాదు, ఇంకో బొమ్మలో ఇంకో ముక్కని సరిగ్గా పట్టుకోలేదు. ఈ రోజు మొండికేసి తెచ్చుకున్న బిగువు రేపటి బొమ్మకి రావలసిన బలాన్ని తినేస్తుంది. అందుకే చెయ్యి ఎంత కావాలన్నా అక్కడ ఆగిపోయి, ఇంకో దారి వెతుకుతాను.

మాది విజయవాడ. మా అమ్మ ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంది. కొండపల్లి పక్కనే కాబట్టి మెట్ల మీద సగం బొమ్మలు అక్కడివే. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే మనిషి, ఎడ్లబండి. తెల్లపొణికి చెక్కని ఎండబెట్టి, తలా చేతులూ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి చేసిన మక్కుతో అతికి, నునుపు తేల్చి రంగులు వేస్తారు. ఆ అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. మా అమ్మమ్మ కొన్న ఏనుగు తొండం ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

ఒక సంక్రాంతికి మా మేనకోడలు తన రోబోని తెచ్చి పై మెట్టు మీద పెట్టింది.

“ఇదేమిటే, దశావతారాల పక్కన?” అంది అమ్మ.

“కల్కి గుర్రానికి కాపలా అమ్మమ్మా.”

అమ్మ నవ్వి, రోబో ముందు కూడా ఒక చేమంతి పెట్టింది. పేరంటానికి వచ్చినవాళ్లు చాలామంది దాని చెయ్యి పైకెత్తి, కిందికి దించి చూశారు. పండగ వెళ్లాక అమ్మ ప్రతి బొమ్మనీ పాత నూలు చీర ముక్కలో చుట్టి పెట్టెలో సర్దుతుంటే, పక్కనే కూచుని మేనకోడలు రోబోని విప్పడం మొదలుపెట్టింది.

“అయ్యో, అంత కష్టపడి కట్టి పీకేస్తావేమే?”

“దీని కాళ్లు ఇంకో దానికి కావాలి అమ్మమ్మా.”

ఆ ఇద్దరిలో ఎవరిదీ నాకు తక్కువగా అనిపించలేదు. మక్కుతో అతికిన ఏనుగు తరాలు దాటి రావాలి, దాన్ని విప్పితే అది ఏనుగూ కాదు, చెక్కా కాదు. దాని బతుకంతా పట్టులోనే ఉంది. ఇటుకల రోబో విషయం వేరు. అది విడిపోయినప్పుడు పోయేది ఏదీ లేదు, ప్రతి ముక్కా మొదటిరోజు ఉన్నట్టే బయటికి వస్తుంది. మిగిలేది కట్టినవాళ్ల వేళ్లలో. వీపున మూట పెడితే ఒళ్లు నిలుస్తుందని ఆ పిల్లకి ఇక జన్మలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక జ్ఞాపకం బొమ్మలో దాగుతుంది, ఇంకోటి చేతిలో దాగుతుంది. ఇంట్లో రెండూ ఉండాలి.

విప్పడం నేర్చుకున్నవాళ్లకే కట్టడంలో ధైర్యం వస్తుంది. బిల్లుండ్ వాళ్ల చరిత్రలోనూ ఇలాంటి మలుపు ఒకటుంది. 1960లో చెక్కబొమ్మల గోదాము కాలిపోయాక వాళ్లు చెక్కని పూర్తిగా వదిలేసి ఇటుకల మీదే నిలబడ్డారు. వడ్రంగం మీద పుట్టిన సంస్థకి అది చిన్న నిర్ణయం కాదు. బల్ల మీద నా నిర్ణయాలు అంతకన్నా ఎంతో చిన్నవి, కానీ జాతి అదే. ఎంతో ఇష్టపడి కట్టిన తల ఒంటికి మించి పెద్దదైతే దాన్ని తీసి పక్కన పెట్టాలి. తీస్తున్నప్పుడు చెయ్యి వెనకాడుతుంది. తీశాక, ఆ తలలోంచే ఇంకో రోబో ఛాతీ దొరుకుతుంది.

సీమోర్ పేపర్ట్ అనే గణితవేత్త, విద్యావేత్త 1980లో రాసిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకం ముందుమాటలో, చిన్నప్పుడు పళ్ల చక్రాలతో ఆడుకుంటూ గణితంతో ఎలా ప్రేమలో పడ్డాడో చెప్పుకున్నాడు. పిల్లలు తమ చేతులతో ఏదైనా చేస్తున్నప్పుడే ఆలోచనలు కూడా కట్టుకుంటారని ఆయన జీవితమంతా చెప్పాడు. లెగో వాళ్లు 1998లో కంప్యూటరు ఇటుకతో రోబోలు చేసుకునే సెట్టు తెచ్చినప్పుడు ఆ పుస్తకం పేరే పెట్టుకున్నారు. మోటార్లూ ప్రోగ్రాములూ ఉన్న ఆ రోబోలు చాలామంది పిల్లల్ని ఇంజనీర్లని చేసి ఉంటాయి, వాటంటే నాకు గౌరవం. అయినా మోటారు లేని నా రోబోల తరపున ఒక మాట చెప్పాలి. మోటారు పెట్టాక కళ్లన్నీ కదలిక మీదే ఉంటాయి. కదలని బొమ్మ ముందు కూచుంటే, ఒక కీలు ఎందుకు నిలబడింది, ఇంకోటి ఎందుకు జారింది అన్న ప్రశ్నకి చోటు దొరుకుతుంది. ఆ ప్రశ్న తీరుబడిగా వేసుకున్న పిల్లలకి తర్వాత ఏ యంత్రమూ కొత్త కాదు.

ఈమధ్య చాలా ఇళ్లల్లో సెట్టు కొని, పుస్తకం ప్రకారం కట్టి, అద్దాల అల్మారాలో పెట్టేస్తున్నారు. దుమ్ము పడకూడదు, ముక్క పోకూడదు, పిల్లలు ముట్టుకోకూడదు. పుస్తకం ప్రకారం కట్టడం మంచిదే, విద్య అక్కడే పట్టుబడుతుంది. ఎవరో నేర్పరి ఐదు ప్లేట్లని ఎలా పడుకోబెట్టాడో మన వేళ్లతో తెలుసుకోవడం గొప్ప చదువు. ఆ చదువు అయ్యాక మాత్రం బొమ్మని విప్పి ముక్కల్ని ఉమ్మడి డబ్బాలో కలిపేయమని నా మనవి. కోట ముక్కలూ లారీ ముక్కలూ అంతరిక్ష నౌక ముక్కలూ ఒకచోట కలవాలి. కొత్తవి కొనలేకపోతే పాతవే ఇరుగుపొరుగు పిల్లలతో పంచుకోవచ్చు, పాత ఇటుక పట్టు ఎక్కడికీ పోదు. కోట తలుపు రోబో డాలు అయ్యేది ఆ కలిసిన డబ్బాలోనే.

అలాంటి డబ్బా ముందు పెరిగిన పిల్లకి ఒక సంగతి ఎవరూ బోధించకుండానే తెలిసిపోతుంది. చుట్టూ కనిపించే కుర్చీ, వంతెన, బడి టైంటేబులు, ఊరి పద్ధతి, ఇవన్నీ ఎవరో ఒకరు ఏవో ముక్కలు కలిపి ఒక తీరుగా కట్టినవే. బాగున్నంతకాలం గట్టిగా పట్టుకుని నిలబెట్టుకోవాలి. బాగోలేనప్పుడు ముక్క నలగకుండా విప్పి, వాటితోనే ఇంతకన్నా మంచిది కట్టుకోవాలి. ఆ రెండూ తన చేతుల్లో ఉన్నాయని నమ్మే మనుషులు మనకి ఎంతమంది ఉంటే అంత మేలు.